మొదటి ఆయిల్

తాడు ముడి వేస్తూ వేస్తూ ఉపేందర్ ఆగిపోయాడు.

బండి వెనక ఇడ్లీ డబ్బాలూ చట్నీ క్యాన్లూ సర్దడం అయిపోయింది. అవి కదలకుండా తాడు అడ్డంగా లాగి, కొక్కేనికి చుట్టి, "ఆ కొస ఇటియ్యి" అన్నాడు. శ్రీకళ కొస చాపింది. అతను అందుకోలేదు. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి కాని ఆమెను చూడటం లేదు. ఏదో నములుతున్నట్టు పెదవులు కదులుతున్నాయి. ఎడమ చేతి వేళ్ళు చొక్కా గుండీని పట్టుకుని తిప్పాయి, వదిలాయి, మళ్ళీ పట్టుకుని తిప్పాయి.

"ఏమైంది?"

ఆమె తాడు వదిలి అతని మోచేయి పట్టుకుంది. కండ బిగుసుకుని ఉంది. వంటగదిలో గ్రైండర్ తిరిగి తిరిగి ఆగింది. అప్పుడు అతను కళ్ళార్పాడు.

"కొస ఇటియ్యమంటున్న గదా. ఏం జూస్తున్నవ్?"

"ఇచ్చిన. నువ్వే అందుకోలే."

"ఎప్పుడిచ్చినవ్?" అని నవ్వి, కింద పడిన కొస తానే తీసుకుని ముడి వేశాడు. ముడి సరిగ్గానే వేశాడు. డ్రైవర్ సీట్లో కూర్చుని అద్దంలో తల దువ్వుకుని బండి కదిలించాడు.

కొత్తపేటలో రైతుబజారు వెనక సందులో ఉంది ఆ వంటగది. దిల్‌సుఖ్‌నగర్‌లో ప్రసన్నకుమార్ నడిపే ఆడపిల్లల హాస్టళ్ళన్నిటికీ వంట ఇక్కడే. ఉపేందర్ భార్య శ్రీకళ ఇక్కడ వంట చేస్తుంది. ఇన్నేళ్ళూ ఎవరెవరివో బండ్లు నడిపిన అతను ఈమధ్యే సొంతంగా కొత్త పికప్ కొన్నాక, ఆ వంటను హాస్టళ్ళకు చేరవేసే పని అతనికి దొరికింది. తెల్లటి బండి. సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయలేదు.

శ్రీకళ సందులోనే నిలబడి చూసింది. పొద్దుటి కోచింగ్ క్లాసులకు పోయే పిల్లలు బ్యాగులు తగిలించుకుని, ఫోన్లు చూసుకుంటూ, రోడ్డుకు అడ్డంగా నడుస్తున్నారు. ఉపేందర్ హారన్ కొట్టాడు. ఇద్దరు అమ్మాయిలు నవ్వుకుంటూ పక్కకు జరిగారు. బండి వాళ్ళకు జానెడు దూరంలో మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

లోపలికి వచ్చి పొయ్యి ముందు నిలబడితే ఏ కూరకు పోపు వేస్తున్నదో ఆమెకు గుర్తు రాలేదు. పక్క పొయ్యి దగ్గరున్న అరుణమ్మ "ఆవాలు మాడుతున్నయే" అని అరిచింది.

ఆ సాయంత్రం చంపాపేటలో ఇంటికి చేరాక శ్రీకళ అనేసింది.

"రేపు దవాఖానకు పోదాం."

"ఎవలికి బాగలేదు?"

"నీకే. పొద్దున తాడు కడుతుంటే ఏమైందో నీకెరుక లేదు. మొన్న అన్నం తింటుంటే గంతే. పోయిన నెల బాత్రూముల పడ్డవ్."

"జారి పడ్డ."

"జారి పడితే నాలిక ఎందుకు కొరుక్కుంటరు? లాగు ఎందుకు తడుస్తది?"

ఉపేందర్ తల్లి చంద్రమ్మ గడప దగ్గర కూర్చుని బియ్యం ఏరుతోంది. చేట కింద పెట్టేసింది. "మెల్లగ, బిడ్డా. గోడ అవతల మంది ఉన్నరు. ఫిట్సు అన్న మాట ఈ గల్లీల ఒక్కరి చెవున పడ్డా, తెల్లారేసరికి ఇల్లు ఖాళీ చెయ్యమంటరు. అన్నం మోసే పని ఇస్తడా ఆ సారు?"

"మరి బండి రోడ్డు మీద ఉన్నప్పుడు వస్తే ఎట్లనే అత్తమ్మా?"

"రాదు. మంత్రం ఏపిస్త."

ఉపేందర్ ఆ మాటలు తన గురించి కానట్టు లేచి మూలనున్న అట్టపెట్టె తెచ్చాడు. అందులో ఆయిల్ క్యాను, కొత్త ఫిల్టర్, చిన్న కాగితం పొట్లంలో రాగి వాషర్ ఉన్నాయి. ఒక్కొక్కటీ తీసి దీపం కింద తిప్పి చూశాడు.

"ఆదివారం ఆయిల్ మారుస్త."

"షోరూమోళ్ళు చేస్తరన్నవ్ గదా."

"వాళ్ళు చేసేది చేస్తరు. అది ఇంకా చానా తిరిగినంక. కొత్త ఇంజిన్ల ఇనుము ఇనుము రాసుకొని రజను వస్తది. ఆ మొదటి ఆయిల్ ముందుగల్లనే తియ్యాలె. ఎంతమంది బండ్లకో నా చేత్తోని చేసిన, నా బండికి చేసుకోనా?" వాషర్‌ను బొటనవేలితో తుడిచి మళ్ళీ పొట్లంలో పెట్టాడు. "నిద్ర సాల్తలేదు, అంతే. పరేషాన్ కాకు."

కొన్న నాటినుంచీ అతను ఆ బండిని రాత్రి పడుకునే ముందు ఒకసారి, లేవగానే ఒకసారి చూసి వస్తున్నాడు.

శనివారం అతను ఇంటికి రావడం బాగా ఆలస్యమైంది. వంటగదిలో ఖాళీ డబ్బాలు దింపేసి బయల్దేరాడని అరుణమ్మ ఫోన్లో చెప్పింది. ఆటోలో వచ్చిన శ్రీకళ అతనికంటే ముందే ఇల్లు చేరి, బట్టలు ఉతికి, ఆరేసి, మూడోసారి గల్లీ చివరకు వెళ్ళి చూసి వచ్చింది. చివరికి బండి వచ్చింది. ఉపేందర్ ఇంజిన్ ఆపి కూడా దిగలేదు. రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏడబోయినవ్?"

"ట్రాఫిక్."

దిగి బకెట్‌తో నీళ్ళు తెచ్చాడు. ముందు టైర్లు కడిగాడు. గాట్లలోకి వేలు పెట్టి తీసి చూశాడు. బంపర్ కింద వంగి, పక్కకు జరిగి, మళ్ళీ వంగి చూశాడు. ఎదురింటి ఆటో డ్రైవర్ మైసయ్య బీడీ వెలిగించుకుంటూ "కొత్త పెండ్లాం లెక్క చూసుకుంటున్నవ్రా" అన్నాడు. ఉపేందర్ నవ్వలేదు. మైసయ్యే శ్రీకళ వైపు చూసి నవ్వాడు. ఆమె కూడా నవ్వింది.

ఆదివారాలు ఇద్దరికీ పొద్దుటి టిఫిన్ దాకే పని. అది దింపి వచ్చాక, ఇంజిన్ కాస్త వేడి మీద ఉండగానే పని మొదలుపెట్టాలని బండిని ఇంటి ముందు సమంగా ఉన్నచోట ఆపాడు. వెనక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టాడు. పాత పేపరు పరిచి పానాలు, గరాటు, గుడ్డపీలికలు, ఫిల్టర్ తిప్పే పట్టీ వరసగా పెట్టుకున్నాడు. శ్రీకళ మెట్టు మీద చిక్కుళ్ళు ఒలుస్తూ కూర్చుంది. అతన్ని ఒంటరిగా వదలకూడదనే కూర్చుంది.

చాలా రోజుల తర్వాత అతను హుషారుగా మాట్లాడాడు. "ఇగ జూడు. బోల్టు ఊడదీస్తే పాత ఆయిల్ అంతా టబ్బుల పడ్తది. మళ్ళ పెట్టేటప్పుడు ముందు చేత్తోనే తిప్పాలె, పానా తర్వాత. పానాతోనే మొదలుపెట్టినవనుకో, మర తప్పుతది. ఫిల్టర్ అంచుకు కొత్త ఆయిల్ వేలితోని రాయాలె. ఫిల్టర్‌కు పానా వద్దు, చెయ్యి బలం చాలు."

"నాకెందుకు చెప్తున్నవ్?"

"ఊకెనే." టబ్బు తోసుకుంటూ బండి కిందికి పాకాడు. బండి ఎత్తుగా ఉంది కాబట్టి జాకీ అవసరం లేకపోయింది. నడుము దాకా లోపలికి పోయాడు. కాళ్ళు బయట ఉన్నాయి. పానా టక్కుమంది. బోల్టు టబ్బులో పడిన చప్పుడు, దాని వెనకే ఆయిల్ ధార పడుతున్న చప్పుడు వినిపించాయి.

"వస్తున్నదా?" అంది శ్రీకళ.

పలకలేదు.

ఆమె చిక్కుళ్ళ గిన్నె పక్కన పెట్టి వంగి చూసింది. ఉపేందర్ వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కుడి చేయి పైకెత్తి ఉంది. చేతిలోని పానా, బోల్టు లేని చోట, గాలిలో తిరుగుతూనే ఉంది. వేడి ఆయిల్ ధార సరిగ్గా ఆ చేతి మీద పడి మణికట్టు నుంచి మోచేతి దాకా పారి చంకలోకి కారుతోంది. అతను చేయి తీయడం లేదు. పెదవులు నములుతున్నాయి.

"చెయ్యి తియ్యి! చెయ్యి తియ్యి!"

పక్కనుంచి దూరి ఆ చేతిని పట్టుకుని గుంజింది. జిడ్డుకు జారిపోయింది. మళ్ళీ పట్టుకుని రెండు చేతులతో గుంజింది. అప్పుడే అతని మెడ వెనక్కి విరుచుకుంది. మడమలు నేలను కొట్టడం మొదలుపెట్టాయి. చంద్రమ్మ లోపలినుంచి పరుగెత్తుకొచ్చింది. ఇద్దరూ చెరొక కాలు పట్టుకుని బయటికి లాగారు. చంద్రమ్మ తాళంచెవుల గుత్తి అతని పిడికిట్లో కుక్కబోయింది. శ్రీకళ దాన్ని నెట్టేసి, అతన్ని పక్కకు తిప్పి, తల కింద తన కొంగు పెట్టింది. నోటి నుంచి నురగ ఆ కొంగు మీదికి కారింది. ఎంతసేపటికో కాళ్ళు ఆగాయి. ఊపిరి గురకలాగా వచ్చింది.

గల్లీలో అప్పుడు ఎవరూ లేరు. మైసయ్య ఆటో కూడా లేదు. సగం స్పృహలో ఉన్న మనిషిని ఇద్దరూ భుజాల మీద వేసుకుని లోపలికి నడిపించారు. చేతి మీద చన్నీళ్ళు పోస్తుంటే "ఊ, ఊ" అన్నాడు. మందు రాసి, మెత్తటి గుడ్డ చుట్టేలోపే నిద్రపోయాడు.

"ఇగ దవాఖానకు తీసుకపోవాల్సిందే అత్తమ్మా. ఇంక ఆగి చూసుడు లేదు."

"పోదాం. రేపు పోదాం," అంది చంద్రమ్మ. "ముందుగల్ల ఆ బండి సంగతి చూడు. నడి గల్లీల అట్ల పానాలు పడేసి ఉంటే మైసయ్య వచ్చి అడుగుతడు. ఏమని చెప్తం?"

శ్రీకళ బయటికి వచ్చింది. ధార ఆగిపోయి చుక్కలు పడుతున్నాయి. టబ్బులో ఆయిల్ నల్లగా ఉంది. ఎండ పడిన చోట అందులో సన్నటి వెండి రజను మెరిసింది. అతను చెప్పింది నిజమే.

కొంగు నడుముకు చుట్టి బండి కిందికి పాకింది. వీపు కింద కంకర గుచ్చుకుంది. మొహానికి ఇంత దగ్గరగా ఇంజిన్ ఎప్పుడూ చూడలేదు. దాని వేడి మొహానికి తగులుతోంది. రోజూ నూనె మూకుడు ముందు నిలబడే మనిషికి ఆ వేడి కొత్త కాదు, వాసనే కొత్త. టబ్బులో చేయి పెట్టి వెతికి బోల్టు తీసింది. పాత వాషర్ గోటితో పీకి కొత్తది ఎక్కించింది. పొద్దున సగం చెవితో విన్న మాటలు ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుంది. ముందు చేత్తో. మొదటిసారి బోల్టు అడ్డంగా కూర్చుంది. తీసి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ పెట్టింది. ఈసారి మెత్తగా తిరుగుతూ పోయింది. తర్వాత పానాతో బిగించింది.

ఫిల్టర్ ఎంతకీ కదలలేదు. పట్టీ చుట్టి, కాలు చక్రానికి తన్ని పెట్టి లాగింది. ఒక్కసారిగా వదులై పాత ఆయిల్ ఆమె మోచేతుల దాకా కారింది. వేడికి చెయ్యి దానంతట అదే వెనక్కి వచ్చేసింది. అలా వచ్చిన చేతిని ఆమె కాసేపు చూస్తూ ఉండిపోయింది. ఉపేందర్ చెయ్యి రాలేదు.

కొత్త ఫిల్టర్ అంచుకు ఆయిల్ రాసి తిప్పింది. గరాటు పెట్టి క్యాను వంచి పోసింది. కొలత కడ్డీ తీసి, తుడిచి, ముంచి చూసి, ఇంకొంచెం పోసింది. రెండు గీతల మధ్యకు వచ్చింది. చివరగా సీట్లో కూర్చుని తాళంచెవి తిప్పింది. ఆ బండిని ఆమె స్టార్ట్ చేయడం అదే మొదటిసారి. ఆయిల్ గుర్తున్న ఎర్ర దీపం వెలిగి ఆరిపోయింది. కింద ఎక్కడా చుక్క పడలేదు. ఆమెకు ఏ సంతోషమూ కలగలేదు. ఆపి దిగి, చేతులు బూడిదతో తోముకుంది.

పొద్దు వాలాక ఉపేందర్ లేచాడు. ఒళ్ళంతా నొప్పులన్నాడు. చేతి కట్టు చూసుకున్నాడు, ఏమీ అడగలేదు. చాయ్ తాగి బయటికి పోయాడు. శ్రీకళ కిటికీలోంచి చూసింది. బండి కిందికి వంగి చూశాడు. బానెట్ ఎత్తి చూశాడు. కడ్డీ తీసి చాలాసేపు పట్టుకుని నిలబడ్డాడు.

"అయిపాయెనా ఆయిలు?" అన్నాడు ఆటో దిగుతున్న మైసయ్య.

"అయిపోయిందన్నా."

"చేతికేమైంది?"

"వేడి మీద తీస్తుంటే జర తాకింది. ఫిల్టర్ మొండికేసిందన్నా, కాలు తన్నిపెట్టి గుంజిన. కొత్తది చేత్తోనే బిగిచ్చిన. ఆయిల్ల రజను చూసినవా? గందుకే ముందుగల్ల తియ్యాలంటరు."

అతను చేతులు తిప్పుతూ చూపిస్తున్నాడు. కాలు ఎక్కడ తన్నిపెట్టాడో కూడా చూపించాడు. కిటికీ దగ్గరనుంచి శ్రీకళ గడప వైపు కదలబోయింది. వెనకనుంచి చంద్రమ్మ ఆమె మోచేయి పట్టుకుంది.

"వాడే చేసిండనుకోని. నువ్వేమనకు. మంచిదే గదా?"

సోమవారం ఇంకా చీకటి ఉండగానే ఉపేందర్ చొక్కా తొడుక్కుని తాళంచెవి తీసుకున్నాడు. రోజూ శ్రీకళను వంటగది దగ్గర దింపి, టిఫిన్ అయ్యేదాకా అక్కడే ఉండి, ఎక్కించుకుని పోతాడు. ఆమె బండి ఎక్కలేదు. అతని తలుపు దగ్గరకు వచ్చి తలుపుకు వీపు ఆనించి నిలబడింది.

"నిన్న ఆయిల్ నువ్వు మార్చలే. నేను మార్చిన."

అతను తాళంచెవిని పిడికిట్లో పట్టుకున్నాడు.

"నీకు బండి కింద ఫిట్స్ వచ్చింది. వేడి ఆయిల్ నీ చేతి మీద కారుతుంటే నువ్వు చెయ్యి తియ్యలే. బోల్టు ఊడిపోయినా గాలిల పానా తిప్పుతనే ఉన్నవ్. నేను గుంజితే గాని రాలేదు ఆ చెయ్యి. ఎవలికైనా కాలితే చెయ్యి వెనుకకు రాదా?" గొంతు పెరిగింది. తగ్గించుకోలేదు. "నువ్వు నన్ను కొట్టినా సరే, తాళంచెవి ఇయ్యి."

ఉపేందర్ కట్టు వైపు చూశాడు. తర్వాత మెల్లగా మెట్టు మీద కూర్చున్నాడు.

"నాకెరుకే," అన్నాడు.

"ఏమెరుక?"

"నేను చెయ్యలేదని. వచ్చి చూస్తే అంతా చేసి ఉన్నది. ఎంత యాది చేసుకున్నా బోల్టు ఊడిన కాడికే వస్తున్నది. నేను చెయ్యకుంటే ఎవలు చేస్తరు? నువ్వు బండి కిందికి పోతవని నేనెట్ల అనుకుంట? నేనే చేసిన అనుకున్న. వేరేటోళ్ళ బండ్లకు చేసిందే మైసన్నకు చెప్తుంటే నిజమే అనిపిచ్చింది. మంచిగనిపిచ్చింది." కట్టు అంచు సర్దుకున్నాడు. "శనివారం ఆలస్యమైంది చూడు. ట్రాఫిక్ కాదు."

శ్రీకళ తలుపు వదిలి అతని ముందుకు వచ్చింది.

"కొత్తపేటల డబ్బాలు దింపి బయల్దేరిన. మెట్రో పిల్లర్లు యాదికున్నయి. తర్వాత కండ్ల ముంగట హయత్‌నగర్ బస్ డిపో. ఎల్బీనగర్ల కుడికి మలగాలె నేను. ఆ చౌరస్త ఎట్ల దాటిన్నో ఎరుకలేదు. సిగ్నల్ పడ్డదా, మంది అడ్డమొచ్చిండ్రా, ఏం ఎరుకలేదు. బండి పక్కకు ఆపి దిగిన. బంపర్ చూసిన. ఎవలికన్న తాకిందేమో అని టైర్లల్ల వేలు పెట్టి చూసిన. ఇంటికొచ్చి కూడా చూసిన. రాత్రంతా ఫోన్ల వార్తలు చూసుకుంట పండుకున్న, ఎల్బీనగర్ల యాక్సిడెంట్ అని ఏమన్న వస్తదేమోనని."

శ్రీకళ అతని పక్కన మెట్టు మీద కూర్చుంది. టైర్లు కడుగుతుంటే తను నవ్వింది. అతనికి తెలియదని, తనొక్కతే మోస్తున్నానని అనుకుంది. అతను అంతకంటే పెద్దది మోస్తూ పక్కనే పడుకున్నాడు.

"మరి నిన్న టిఫిన్ తీసుకొని ఎట్ల పోయినవ్?" అంది చివరికి.

"పోయిన," అన్నాడు ఉపేందర్. "పోకుంటే ఎందుకు పోలేదని అడుగుతరు గదా."

తాళంచెవి మెట్టు మీద పెట్టాడు. చంద్రమ్మ గడపలో నిలబడి అంతా వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది కాని ఏడుపు ఆగలేదు. ఉపేందర్ లేచి గల్లీ దాటి మైసయ్య తలుపు తట్టాడు.

మైసయ్య నడిపాడు. శ్రీకళ నడుమ కూర్చుంది, ఉపేందర్ కిటికీ పక్కన. చీకట్లో బండి మెల్లగా పోతోంది. ముందు ఏదైనా అడ్డం వచ్చినప్పుడల్లా ఉపేందర్ కుడి కాలు నేలను తొక్కింది. మైసయ్య చూశాడు. బండిని ఇంకా నెమ్మదించాడు.

టిఫిన్ తయారై ఎక్కించే వేళకు ప్రసన్నకుమార్ వంటగది గుమ్మంలో ఉన్నాడు. మంచి మనిషే. గుంటూరు నుంచి వచ్చి ఒక్క హాస్టల్‌తో మొదలుపెట్టి ఇంత చేశాడు. పనివాళ్ళ ఇంట్లో జ్వరాలొస్తే మందులు పంపిస్తాడు.

"ఏంటి ఉపేందర్, డ్రైవర్ని పెట్టుకున్నావా? చేతికేమైంది?"

"చెయ్యి కాలింది సార్, అందుకే..." అని శ్రీకళ మొదలుపెట్టింది. వచ్చేటప్పుడు చంద్రమ్మ చెప్పి పంపిన మాట అది.

"చెయ్యి సంగతి కాదు సార్," అన్నాడు ఉపేందర్. "నాకు ఫిట్స్ వస్తున్నయి. ఇగ నేను బండి నడప. మైసన్న నడుపుతడు. పదిగంటలకు దవాఖానకు పోతున్నం."

అరుణమ్మ గరిటె పట్టుకుని అలాగే ఆగిపోయింది. ప్రసన్నకుమార్ ఒక అడుగు వెనక్కి వేశాడు. వేశానని తనకే తెలిసినట్టు ముఖం ఎర్రబడింది.

"ముందే చెప్పాలి కదయ్యా. ఆ సందుల్లో అంతమంది పిల్లలు..."

"చెప్పాలె సార్."

"సరే. చెప్పావు, మంచిపని చేశావు. పని మానెయ్యమని నేను అనను, బండి ఆయన్నే నడపనివ్వు. కాకపోతే..." అతను శ్రీకళ వైపు చూసి మళ్ళీ చూపు తిప్పుకున్నాడు. "నువ్వు మటుకు వంట దగ్గరికి రావద్దు, ఉపేందర్. గిన్నెలవీ ముట్టుకోవద్దు. ఆడపిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు, ఎవరన్నా చూస్తే రకరకాలుగా అనుకుంటారు."

"అది అంటుకునేది కాదు సార్," అంది శ్రీకళ.

"నాకు తెలుసమ్మా. నాకు తెలుసు. అందరికీ చెప్పలేం కదా."

ఉపేందర్ గోడ దగ్గరకు జరిగి నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు వెనక కట్టుకున్నాడు. ఇడ్లీ డబ్బాలు ఎక్కించారు. చట్నీ క్యాన్లు ఎక్కించారు. సాంబారు గంగాళం మిగిలింది. ఇద్దరు చెరొక వైపు కడియం పట్టుకుంటేగాని లేవదు. మైసయ్య చేతులు తుడుచుకుంటూ దాని వైపు వచ్చాడు.

"మైసన్నా, నువ్వు బండి కాడికి పో. వెనక తలుపు పట్టుకో," అంది శ్రీకళ.

ఆమె గంగాళాన్ని కొద్దిగా తిప్పింది. రెండో కడియం గోడ వైపుకు, ఉపేందర్ వైపుకు వచ్చింది. గుడ్డ మడిచి దాని మీద వేసింది.

"దా. ఎడమ చేత్తోని పట్టు."

ఉపేందర్ ప్రసన్నకుమార్‌ను చూశాడు, తర్వాత శ్రీకళను. ఆమె అప్పటికే తన కడియం పట్టుకుని వంగి ఉంది, తల ఎత్తలేదు. అతను వచ్చాడు. పట్టుకున్నాడు. ఇద్దరూ ఒక్క ఊపున లేపారు. సాంబారు అంచుదాకా ఊగి నిలిచింది. అడుగులో అడుగు వేసుకుంటూ గుమ్మం దాకా వచ్చారు.

ప్రసన్నకుమార్ ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు.

"జర పక్కకు జరగండి సార్," అన్నాడు ఉపేందర్. "వేడిగున్నది."

ఆయన జరిగాడు.